షార్ట్‌లిస్టులో పేరు లేనప్పుడు

మీ అమ్మాయో అబ్బాయో లా చదువుతూ నాలుగో ఏడాదిలోకి వచ్చారనుకోండి. ఈ మధ్య ఫోన్ చేస్తే పొడిపొడిగా మాట్లాడుతున్నారు. "తర్వాత చేస్తానమ్మా" అని పెట్టేస్తున్నారు. పండక్కి రమ్మంటే ఇంటర్న్‌షిప్ ఉందంటున్నారు. చదువు మీద మనసు పోయిందేమోనని, ఇంకేదో వ్యవహారం నడుస్తోందేమోనని కంగారు పడకండి. చాలామటుకు అది ప్లేస్‌మెంట్ల కాలం అయి ఉంటుంది. ఇంజినీరింగ్ ప్లేస్‌మెంట్ల సంగతి మన ఇళ్లలో అందరికీ ఎంతో కొంత తెలుసు. ఏ వీధిలో చూసినా ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి ఉంటాడు, అడిగితే చెబుతాడు. లా ఫర్మ్ ఉద్యోగాల గురించి చెప్పడానికి ఆ వీధిలో ఎవరూ ఉండరు. పిల్లలు పడే ఒత్తిడిలో పెద్ద భాగం అక్కడే పుడుతుందని నా నమ్మకం. పోటీ గట్టిదే, కాదనను. కానీ అంతకంటే ఎక్కువగా పిల్లల్ని నలిపేది ఆ పోటీ ఎలా నడుస్తుందో తెలియకపోవడం, తెలియదన్న సంగతి ఎవరితోనూ చెప్పుకోలేకపోవడం.

నేను ముంబయిలో ఒక పెద్ద లా ఫర్మ్‌లో కొన్నేళ్లు పనిచేసి, ఇప్పుడు హైదరాబాద్‌లో ఒక కంపెనీ లీగల్ విభాగంలో ఉన్నాను. ఒకప్పుడు ఇంటర్వ్యూ గది బయట పేరు పిలిచేదాకా కూర్చున్నదాన్ని. తర్వాత ఫర్మ్ తరఫున ఆ గదిలోనే కూర్చుని ప్రశ్నలు వేసినదాన్ని. ఇప్పుడు ఆదివారాలు మా ఇంట్లో లా విద్యార్థులకు మాక్ ఇంటర్వ్యూలు చేస్తుంటాను. వచ్చే పిల్లల్లో ఎక్కువమంది ఇంట్లో మొదటి లాయర్లు.

మా నాన్న నరసరావుపేటలో ప్లీడరు గుమాస్తా. ఇంటినిండా ఫైలు కట్టలు, వకాల్తా ఫారాలు, వాయిదాల డైరీలు. లా అంటే కోర్టు, లాయరంటే నల్లకోటు, అంతవరకే మాకు తెలుసు. నాకు ముంబయిలో ఉద్యోగం వచ్చిందని చెబితే ఆయన ఎంతో సంతోషించి, "ఏ ప్లీడరు గారి దగ్గరమ్మా?" అని అడిగారు. అక్కడ వందలమంది లాయర్లుంటారు నాన్నా, వాళ్లలో చాలామంది ఏడాది పొడుగునా కోర్టు మెట్లెక్కరు అంటే ఆయనకు నమ్మకం కుదరలేదు. కోర్టుకు పోని లాయరేమిటన్నది ఆయన సందేహం. ఇవాళ్టికీ చాలా ఇళ్లలో ఆ సందేహం ఉంది కాబట్టి ముందు ఆ పనేమిటో చెబుతాను.

ఒక కంపెనీ ఇంకో కంపెనీని కొనబోతోంది. కొనేముందు ఆ కంపెనీ మీద ఉన్న అప్పులు, కేసులు, దాని లైసెన్సులు, స్థలాల పత్రాలు, ఉద్యోగులతో చేసుకున్న ఒప్పందాలు అన్నీ చదివి, ఎక్కడ ప్రమాదం దాగుందో కొనేవాళ్లకు రాసివ్వాలి. దీన్ని డ్యూ డిలిజెన్స్ అంటారు. కొత్తగా చేరిన లాయరు మొదట్లో ఎక్కువగా చేసే పని ఇదే. తర్వాత ఒప్పందం ముసాయిదా రాయడం, అవతలి పక్షం లాయర్లతో ఒక్కో క్లాజు మీద బేరమాడటం, సంతకాల ముందు రాత్రి తెల్లవార్లూ మేలుకోవడం. బ్యాంకు రుణాలు, షేర్ల ఇష్యూలు, పన్ను తగాదాలు, ఆర్బిట్రేషన్లు చూసే టీములు వేరేగా ఉంటాయి. 1991 ఆర్థిక సంస్కరణలతో విదేశీ పెట్టుబడులు రావడం మొదలయ్యాక ఈ పని పెరిగింది. 2013 కంపెనీల చట్టం, 2016 దివాలా స్మృతి వచ్చాక ఇంకా పెరిగింది. సిరిల్ అమర్‌చంద్ మంగళ్‌దాస్, శార్దూల్ అమర్‌చంద్ మంగళ్‌దాస్, ఏజెడ్‌బీ, ఖైతాన్, ట్రైలీగల్ వంటివి పిల్లల నోట తరచూ వినబడే పేర్లు. మొదటి రెండూ 2015 దాకా ఒకే ఫర్మ్, అన్నదమ్ములు విడిపోవడంతో రెండయ్యాయి. ఈ స్థాయి ఫర్మ్‌లలో అప్పుడే డిగ్రీ పూర్తిచేసినవాళ్లకు ఏడాదికి పదిహేను లక్షలు దాటి జీతం ఇచ్చేవి ఉన్నాయి.

ఇటు చూస్తే, ఊళ్లో సీనియరు దగ్గర జూనియరుగా చేరిన కుర్రాడికి మొదటి ఏడాది ఆయన చేతిలో పెట్టేది చాలాచోట్ల పెట్రోలు ఖర్చుకు సరిపోదు. జూనియర్లకు నగరాల్లో నెలకు 20,000, గ్రామీణ ప్రాంతాల్లో 15,000 రూపాయలకు తక్కువ కాకుండా ఇవ్వండని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2024 అక్టోబరులో చెప్పింది. అది సలహా మాత్రమే, ఇచ్చి తీరాలన్న నిబంధన కాదు. ఫర్మ్‌లో వచ్చేదానికీ ఊళ్లో వచ్చేదానికీ మధ్య ఉన్న ఈ అగాధాన్ని తల్లిదండ్రులు గమనించాలి. పిల్లల భయమంతా అందులో పడిపోతామేమోననే. ఇంజినీరింగ్ పిల్లవాడికి ఒక కంపెనీ పోతే దాదాపు అదే జీతంతో ఇంకో కంపెనీ దొరకవచ్చు. లా పిల్లలకు మధ్యలో మెట్లు లేవన్న భావన బలంగా నాటుకుపోయింది. మెట్లున్నాయి, వాటి గురించి ముందు ముందు చెబుతాను.

ముందు ఈ ప్లేస్‌మెంట్లు జరిగే కాలేజీల సంగతి. జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాల కథ 1988లో బెంగళూరులో మొదటి బ్యాచ్‌తో మొదలైంది. హైదరాబాద్ శివారు శామీర్‌పేటలో నల్సార్ 1998లో వచ్చింది. విశాఖ దగ్గర సబ్బవరంలో ఉన్న దామోదరం సంజీవయ్య విశ్వవిద్యాలయం 2008లో ఏర్పడింది. వీటిలో సీటుకు క్లాట్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి, ఆ పరీక్ష ఇంగ్లీషులోనే ఉంటుంది. ఫీజులు ఏడాదికి లక్షల్లో. అంటే ఇక్కడిదాకా వచ్చిన పిల్లల్లో లాయర్ల కుటుంబాలవాళ్లు, పెద్ద నగరాల కాన్వెంటు చదువులవాళ్లు ఎక్కువగానే ఉంటారు. ఆ తేడా గమనించే శామ్‌నాద్ బషీర్ అనే న్యాయశాస్త్ర ఆచార్యుడు 2010లో 'ఐడియా' అనే సంస్థ పెట్టి, పేద ఇళ్ల పిల్లలకు క్లాట్ శిక్షణ ఇప్పించారు. 2019లో ఆయన పోయారు. ఆ సంస్థ పని మాత్రం సాగుతోంది. కాలేజీలోకి రావడానికి సాయం చేసినవాళ్లున్నారు కానీ, వచ్చాక నాలుగో ఏట ఏం జరుగుతుందో ఇంట్లో వాళ్లకు విడమరిచి చెప్పినవాళ్లు తక్కువ.

జరిగేదేమిటంటే, ప్లేస్‌మెంట్లు నడిపే కమిటీలో ఉండేది చాలా కాలేజీల్లో విద్యార్థులే. పేరుకు ఒక అధ్యాపకుడు పైన ఉంటారు. కమిటీ పిల్లలు ఫర్మ్‌లతో మాట్లాడి, అందరి సీవీలూ పోగుచేసి పంపుతారు. ఫర్మ్‌లు వాటిని జల్లెడపట్టి షార్ట్‌లిస్టు పంపుతాయి. నాలుగో ఏడాది చివర్లోనో ఐదో ఏడాది మొదట్లోనో ఒక రోజు పెద్ద ఫర్మ్‌లన్నీ ఒకేసారి క్యాంపస్‌కు వస్తాయి, లేదా ఆన్‌లైన్‌లో కూర్చుంటాయి. ఆ రోజునే 'డే జీరో' అంటారు. ఒక ఆఫర్ ఒప్పుకున్నవాళ్లు ఇంకోదానికి పోటీ పడకూడదని చాలాచోట్ల నియమం. దీనికంటే ముందే ఇంకో దారి ఉంది. సెలవుల్లో ఫర్మ్‌లో ఇంటర్న్‌గా చేరి పని మెప్పిస్తే, ప్లేస్‌మెంట్లకు ముందే ఉద్యోగం ఖాయం చేస్తారు. పిల్లలు దాన్ని 'పీపీఓ' అంటారు. ఆ ఇంటర్న్‌షిప్ దొరకాలంటే నెలల ముందే దరఖాస్తు పెట్టాలి. తల్లో తండ్రో లాయరైన పిల్లలకు ఈ సంగతి మొదటి ఏడాదే తెలుస్తుంది. మనవాళ్లకు మూడో ఏడాది తెలుస్తుంది. తెలివిలో తేడా లేదు, కబురు అందడంలో తేడా.

డే జీరో ఎలా ఉంటుందో దగ్గరగా చూపిస్తే తప్ప తల్లిదండ్రులకు అర్థం కాదు. పొద్దున్నే సెమినార్ హాల్లో నల్ల సూట్లు వేసుకుని పిల్లలంతా వరసల్లో కూర్చుంటారు. కొందరి సూటు ఒంటికి సరిగ్గా అతికినట్టుంటుంది, కొందరిది సీనియరు దగ్గర అడిగి తెచ్చుకున్నది కాబట్టి భుజాల దగ్గర జారుతుంటుంది. క్లాసు గదుల తలుపులకు ఫర్మ్‌ల పేర్లు అంటించి ఉంటాయి. కమిటీ కుర్రాడు చేతిలో జాబితాతో గుమ్మం దగ్గరికొచ్చి పేర్లు చదువుతాడు. వాడు నిన్న రాత్రి మెస్‌లో పక్కన కూర్చుని పెరుగన్నం తిన్నవాడే. ఇవాళ వాడు చదివే జాబితాలో నీ పేరుండాలి. పిలిచినవాళ్లు లేచి, టై సర్దుకుని వెళతారు. మధ్యాహ్నానికి కొన్ని కుర్చీలు ఖాళీ అవుతాయి. ఎక్కడో వసారాలో ఒక్కసారిగా కేకలు, కౌగిలింతలు. హాల్లో మిగిలినవాళ్లు అటు చూడనట్టు ఫోన్లు చూసుకుంటారు. సాయంత్రం నాలుగింటికి ఆ హాల్లో ఎవరు మిగిలారో బ్యాచ్ మొత్తానికీ తెలుసు. నాలుగేళ్లు కలిసి బతికిన వందమంది కళ్లముందు ఇలా మిగిలిపోవడం ఇరవై ఒకటో ఇరవై రెండో ఏళ్ల పిల్లకు ఎంత బరువో ఊహించండి. పరీక్ష ఫెయిలైతే కాగితం మీద తెలుస్తుంది, ఒక్కరే చూసుకుని ఏడవచ్చు. ఇక్కడ ఆ చాటు కూడా ఉండదు.

ఇప్పుడు గది లోపలి సంగతి. ఇది చెప్పడం కోసమే ఈ వ్యాసం రాయాలనుకున్నాను. మా టీముకు ఒక ఏడాది ఇద్దరు కావలసి వచ్చింది. అందులో ఒక సీటు అప్పటికే పీపీఓతో నిండింది. మిగిలిన ఒక్కదానికి లోపలికొచ్చిన పిల్లల్లో కనీసం నలుగురు కళ్లు మూసుకుని తీసుకోదగ్గవాళ్లు. ముగ్గుర్ని వెనక్కి పంపాం. ఆ ముగ్గురికీ తమలో ఏ లోటు ఉందో ఎవరూ చెప్పలేదు, ఎందుకంటే లోటేమీ లేదు. ఇంకో ఏడాది ఒక పెద్ద లావాదేవీ ఆగిపోయింది. దాంతో మొత్తం టీముకే కొత్తవాళ్లు వద్దన్నారు, అప్పటికి షార్ట్‌లిస్టు కూడా తయారై ఉంది. ఎన్ని సీట్లు, ఏ టీములో, ఏ నగరంలో అన్నది ఫర్మ్ చేతిలో ఉన్న పనిని బట్టి మారుతుంది. బయట కూర్చున్న అమ్మాయి మాత్రం, నా ఇంగ్లీషు బాలేదు, నా కాలేజీ చిన్నది, నా మొహం చూసి వద్దన్నారు అని తనకు తనే కారణాలు పేర్చుకుంటుంది. కారణం చెప్పకుండా వద్దంటే మనసు ఊరుకోదు, ఏదో ఒక కారణం వెతుక్కుంటుంది, వెతికితే దొరికేది తన తప్పే. అందుకే నా దగ్గరికొచ్చే పిల్లలందరికీ మొదటి రోజే ఈ సీట్ల లెక్క చెబుతాను. విన్నాక కొందరు ఇంటర్వ్యూ సంగతే మర్చిపోయి, "అయితే పోయినసారి నాది తప్పు కాకపోవచ్చా?" అని అడుగుతారు. కాకపోవచ్చు అంటాను. అది ఓదార్పు కోసం అన్న మాట కాదు, నిజం.

పిల్లల చేతిలో ఉన్నవి కూడా లేకపోలేదు. ఒక ఆదివారం కావలి నుంచి వచ్చిన ఒకమ్మాయి మా ఇంటికొచ్చింది. బాగా చదివే పిల్ల. సీవీలో అక్షరదోషం కూడా లేదు. మాక్ మొదలుపెట్టి "నీ గురించి చెప్పు" అన్నాను. చున్నీ అంచు వేలికి చుట్టుకుంటూ కాలేజీ పేరు, సీజీపీఏ, మూట్ కోర్టు (నమూనా వాదనల) పోటీలు గబగబా అప్పజెప్పి ఆగిపోయింది. చేతులు పట్టుకుని చూస్తే మంచులా ఉన్నాయి.

"సీవీలో రాయని పని ఏదైనా చేశావా?"

"ఏం లేవు మేడమ్."

"ఇంట్లో? మీ ఊళ్లో?"

కాసేపు ఆలోచించి చెప్పింది. వాళ్లమ్మ డ్వాక్రా సంఘంలో ఉంది. సంఘం బ్యాంకు రుణం తీసుకున్నప్పుడు కట్టవలసినదానికంటే కొంత ఎక్కువ పోతోందని ఆడవాళ్లు అనుకుంటుంటే, ఈ పిల్ల సెలవుల్లో ఆ రుణపత్రాలన్నీ ముందేసుకుని చదివింది. అడగని బీమా ప్రీమియం ఒకటి అందులో కలిపేశారు. మేనేజరుకు ఇంగ్లీషులో అర్జీ రాసిచ్చింది, సంఘం వాళ్లు వెంటపడ్డారు, డబ్బు వెనక్కి వచ్చింది.

నాకు కుర్చీలో కూర్చోబుద్ధి కాలేదు. పత్రం చదవడం, దాగున్న ప్రమాదం పట్టుకోవడం, దాన్ని అవతలివాళ్లకు అర్థమయ్యేలా రాసివ్వడం. ఫర్మ్ జీతం ఇచ్చేది ఈ పనికే. ఆ సంగతి చెబితే ఆ పిల్ల తలెత్తి, "అది కూడా చెప్పొచ్చా అక్కా?" అంది. ఆ మధ్యాహ్నమంతా ఆ ఒక్క సంగతినే రెండు నిమిషాల్లో ఎలా చెప్పాలో సాధన చేశాం. ఏ క్లాజు, ఎంత మొత్తం, అర్జీలో మొదటి వాక్యం ఏమిటి. చెప్పేకొద్దీ గొంతు నిలబడింది. తనకు బాగా తెలిసిన విషయం మాట్లాడుతున్న మనిషికి వణుకు దానంతటదే తగ్గుతుంది.

డే జీరోలో ఆ అమ్మాయికి ఆఫర్ రాలేదు. ఐదో ఏడాది చివర్లో బెంగళూరులోని ఓ మధ్యస్థాయి ఫర్మ్‌కు నేరుగా దరఖాస్తు పెట్టుకుని చేరింది.

ఇంటర్వ్యూలో న్యాయశాస్త్రం ప్రశ్నలకు కూడా పిల్లలు అవసరానికి మించి భయపడతారు. కాంట్రాక్టు చట్టం నుంచే ఎక్కువగా అడుగుతాం. ఉద్యోగం మానేసినవాణ్ణి పోటీ కంపెనీలో చేరకుండా ఆపగలమా అంటే 27వ సెక్షన్. ఒప్పందంలో ముందే రాసుకున్న పరిహారం మొత్తం అంతా వసూలు చేసుకోవచ్చా అంటే 74వ సెక్షన్. జవాబు గుర్తు రాకపోతే, "ఆ తీర్పు నాకు గుర్తులేదు, కానీ నేను ఇలా ఆలోచిస్తాను" అని మొదలుపెట్టిన పిల్లల్ని మేం ఇష్టపడేవాళ్లం. కక్షిదారు ముందు తెలియనిది తెలిసినట్టు మాట్లాడే లాయరు ఎంత నష్టం తెస్తాడో ఫర్మ్‌లో ఉన్నవాళ్లకు బాగా తెలుసు. 'తెలియదు' అనే మాటకు ఇక్కడ మార్కులు పోవన్నది తెలిస్తేనే సగం దడ తగ్గుతుంది.

దరఖాస్తుల కాలంలో మరీ పీల్చేసేది ఎదురుచూపు. మెయిలు పంపి, ఐదు నిమిషాలకోసారి ఇన్‌బాక్స్ చూడటం. చాలా ఫర్మ్‌లు అసలు జవాబే ఇవ్వవు. నేను పిల్లలకు చెప్పేది మా నాన్న వాయిదాల డైరీ పద్ధతే. ఒక నోటు పుస్తకం పెట్టుకోండి. ఏ ఫర్మ్‌కు, ఏ తేదీన, ఏ సీవీ పంపారు, మళ్లీ ఎప్పుడు ఒకసారి గుర్తుచేయాలి, అంతే రాయండి. పదిరోజుల తర్వాత ఒక్క మెయిలుతో మర్యాదగా గుర్తుచేసి, ఆ పేరు పక్కన గీత పెట్టేయండి. దరఖాస్తుల పనికి వారంలో రెండు పూటలు కేటాయించి, మిగతా రోజులు ఆ పుస్తకం తెరవకండి. మా నాన్నకు డైరీలో నమోదైన కేసు గురించి రాత్రి నిద్రపట్టకపోవడం నేనెప్పుడూ చూడలేదు. ఏ తేదీన ఏం చేయాలో కాగితం మీద ఉంది కదా అనేవారు.

కాగితానికి ఇంకో గుణం ఉందని పరిశోధకులు కూడా గమనించారు. 1994లో అమెరికాలో జేమ్స్ పెన్నెబేకర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన సహచరులు ఒక అధ్యయనం ప్రచురించారు. ఉద్యోగాలు పోయిన కొందరిని ఐదు రోజులపాటు రోజుకు ఇరవై నిమిషాలు, ఉద్యోగం పోవడం గురించి తమ మనసులో ఉన్నదంతా రాయమన్నారు. అలా రాసినవాళ్లు, రాయనివాళ్లకంటే త్వరగా కొత్త ఉద్యోగాల్లో చేరారు. దరఖాస్తులు ఎక్కువ పెట్టడం వల్ల కాదు, లోపలి కోపం, చేదు కాగితం మీద దిగిపోవడం వల్ల ఇంటర్వ్యూల్లో మనిషి తేలికగా ఉండగలిగాడని వాళ్ల ఊహ. 2011లో 'సైన్స్' పత్రికలో వచ్చిన ఇంకో అధ్యయనంలో, పరీక్షకు ముందు పది నిమిషాలు తమ భయాల గురించి రాసుకున్న విద్యార్థులు మెరుగ్గా రాశారు. నా దగ్గరికొచ్చే పిల్లలతో నేను ఇది చేయిస్తాను. తెలుగులోనే రాయమంటాను, ఎందుకంటే భయం మనకు తెలుగులోనే వేస్తుంది. రాసింది నాకు చూపించనక్కర్లేదు, చించి పారేయొచ్చు.

నిద్ర గురించి గట్టిగా చెబుతాను. ఇంటర్వ్యూ ముందురాత్రి తెల్లవార్లూ చదివి వచ్చినవాళ్లని గదిలో కూర్చున్నవాళ్లు ఇట్టే గుర్తుపడతారు. ప్రశ్న పూర్తికాకముందే జవాబు మొదలెడతారు, మధ్యలో దారి తప్పుతారు. చదివింది గుర్తుండటానికే నిద్ర కావాలి. లింక్డిన్ విషయానికొస్తే, ప్లేస్‌మెంట్ల వారం ఆ యాప్ ఫోన్‌లోంచి తీసేయమంటాను. ఆఫర్ వచ్చినవాళ్లే అక్కడ రాస్తారు, రానివాళ్లు రాయరు. అది చూసి ప్రపంచమంతా సెలెక్ట్ అయిందనుకుంటే ఎలా?

ఇంట్లో వాళ్లకు నా విన్నపం ఒకటే. "వచ్చిందా?" అని అడగకండి. వస్తే మీకంటే ముందు ఎవరికి చెబుతారు? ఆ ప్రశ్నకు 'లేదు' అని చెప్పవలసి వచ్చిన ప్రతిసారీ పిల్లలు ఇంకో నాలుగు రోజులు ఫోన్‌కు దూరమవుతారు. ఏం తిన్నావు, ఎప్పుడు పడుకున్నావు, ఏ ఫర్మ్‌కు ఏం చదువుతున్నావు, నాకు కూడా చెప్పు అనండి. మీకు అర్థం కాకపోయినా ఫర్వాలేదు. తనకు తెలిసింది మీకు వివరించడం వాళ్లకు మంచి సాధన. ఇక చదువు కోసం తీసుకున్న లోను సంగతి. చాలా ఇళ్లలో దీని గురించి ఇద్దరూ నోరు విప్పరు. తండ్రి లోపల లెక్కలేసుకుంటాడు, కూతురు ఆ లెక్క తన మీదే పడిందని హాస్టల్లో కుమిలిపోతుంది. బ్యాంకు కాగితాలు ముందేసుకుని ఒకరోజు కలిసి కూర్చోండి. చాలా విద్యారుణాల్లో చదువు ముగిశాక ఏడాదిపాటు వాయిదాలు కట్టనక్కర్లేదు, వడ్డీ మాత్రం పెరుగుతుంది. ఆ గడువు ఎంతో, తర్వాత నెలకు ఎంత పడుతుందో అంకె కళ్లముందు కనబడితే, కనబడని అంకె పెట్టే భయం పోతుంది. డే జీరో నాడే ఉద్యోగం రాకపోతే ఇల్లు వేలం వేయరని పిల్లకు మీ నోటితో చెప్పండి.

ముందు ముందు చెబుతానన్న మెట్ల సంగతి. డే జీరో ముగిసినంత మాత్రాన నియామకాలు ముగియవు. ఐదో ఏడాది పొడుగునా మధ్యస్థాయి ఫర్మ్‌లు తీసుకుంటూనే ఉంటాయి. డిగ్రీ అయ్యాక రెండు మూడేళ్లు కోర్టులోనో చిన్న ఫర్మ్‌లోనో పనిచేసి పెద్ద ఫర్మ్‌కు మారినవాళ్లు నాతో చాలామంది పనిచేశారు. ఉస్మానియా, ఆంధ్రా విశ్వవిద్యాలయాల్లో చదివినవాళ్లకు డే జీరో లాంటిది లేకపోయినా, ఈ రెండో దారి బాగా పనికొస్తుంది. హైదరాబాద్‌లో బహుళజాతి కంపెనీలు పెట్టిన కేంద్రాల్లో కాంట్రాక్టులు చూసే లాయర్లకు పని ఉంది. నేను ఉన్నదీ అలాంటి పనిలోనే. ఇంటర్న్‌షిప్‌లు పెద్ద ఫర్మ్‌ల్లోనే చేయాలన్న పట్టుదల కూడా సడలించుకోవచ్చు. ఐదేళ్ల కోర్సులో మొత్తం ఇరవై వారాలు ఇంటర్న్‌షిప్ చేయాలనే బార్ కౌన్సిల్ నిబంధనలే, ఒక్కసారైనా ట్రయల్ కోర్టు, అప్పీలు కోర్టు లాయర్ల దగ్గర పనిచేసి తీరాలంటున్నాయి. నెల్లూరు జిల్లా కోర్టులో నెలరోజులు సాక్షి విచారణ చూసిన పిల్లకు ఆర్బిట్రేషన్ టీము ఇంటర్వ్యూలో చెప్పడానికి చాలా ఉంటుంది.

ఒక మెట్టు మాత్రం ఈ మధ్య ఎత్తయింది. అది దాచకుండా చెప్పాలి. ఫర్మ్‌లో ఉద్యోగం రాకపోతే చదువవగానే జూనియర్ సివిల్ జడ్జి పరీక్ష రాద్దామనుకునే పిల్లలు మన రెండు రాష్ట్రాల్లో చాలామంది. ఆ పరీక్ష రాయాలంటే కనీసం మూడేళ్లు లాయరుగా పనిచేసి ఉండాలని సుప్రీంకోర్టు 2025 మే 20న తీర్పిచ్చింది. అనుభవం లేని జడ్జిల వల్ల వచ్చే ఇబ్బందులు నిజమే కావచ్చు, కానీ ఆ మూడేళ్లూ ఇల్లు గడిచే ఆదాయం లేని పిల్లలకు ఈ తీర్పు భారమే. ప్లేస్‌మెంట్ల మీద ఇంకొంచెం ఒత్తిడి పెరగడానికి ఇదీ కారణమని నా దగ్గరికొచ్చే పిల్లల మాటల్ని బట్టి తెలుస్తోంది. ఒక చిన్న ఊరట కూడా ఉంది. బార్ కౌన్సిల్‌లో పేరు నమోదుకు వేలకు వేలు గుంజే పద్ధతిని సుప్రీంకోర్టు 2024 జులైలో ఆపింది. చట్టంలో రాసిన ప్రకారం జనరల్ అభ్యర్థులకు 750 రూపాయలు, ఎస్సీ, ఎస్టీలకు 125 రూపాయలు దాటి నమోదు రుసుము తీసుకోకూడదు.

కొందరి విషయంలో నోటు పుస్తకాలూ మాక్ ఇంటర్వ్యూలూ చాలవు. రెండు మూడు వారాలుగా నిద్రపట్టకపోవడం, తిండి మీద ధ్యాస పోవడం, స్నేహితుల్ని తప్పించుకు తిరగడం, "నా వల్ల మీకు అంతా నష్టమే" వంటి మాటలు కనిపిస్తే ప్లేస్‌మెంట్ సంగతి పక్కనపెట్టి మనిషిని దగ్గరికి తీసుకోండి. టెలీ మానస్ నంబరు 14416. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య సేవ ఇది. ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది, డబ్బు కట్టనక్కర్లేదు, తెలుగులో మాట్లాడవచ్చు. పిల్లల కోసం తల్లిదండ్రులు కూడా ఫోన్ చేయవచ్చు.

కాలేజీల బాధ్యత కూడా ఉంది. విశాఖపట్నంలో నీట్‌కు చదువుతూ 2023లో చనిపోయిన ఒక అమ్మాయి కేసులో సుప్రీంకోర్టు 2025 జులై 25న విద్యాసంస్థలన్నిటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. వందమంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థా అర్హతగల కౌన్సెలర్‌నో సైకాలజిస్టునో సోషల్ వర్కర్‌నో ఒకరినైనా నియమించాలని అందులో ఉంది. లా కాలేజీలకూ అది వర్తిస్తుంది. ఆ నియామకం మీ పిల్లల కాలేజీలో జరిగిందో లేదో రిజిస్ట్రారుకు ఒక ఉత్తరం రాసి అడగండి. దాంతోపాటు ఇంకో రెండు అడగండి. షార్ట్‌లిస్టు అందరి ముందూ చదవకుండా ఎవరి పేరు వాళ్ల ఫోన్‌కే పంపగలరా? తోటివాళ్లకు 'లేదు' అని చెప్పే పని విద్యార్థి కమిటీ నెత్తిన పెట్టకుండా, ఆ సాయంత్రం హాల్లో మిగిలిన పిల్లల పక్కన ఒక అధ్యాపకుడు కూర్చోగలరా? వీటిలో ఏదీ ఖర్చుతో కూడిన పని కాదు. వచ్చే బ్యాచ్ డే జీరోకు ముందే మొదలుపెట్టవచ్చు.